పిడికిలి మాట

పోయినవారం మనం ప్యాకింగ్ గదిలో ఒక పెట్టెను సగం ఊడదీసి వదిలేసి వచ్చాం. సముద్రం అవతలి నుంచి తిరిగొచ్చిన పెట్టె అది. పైవరసలో ఎండుద్రాక్ష గుత్తులు ముస్తాబు చేసుకుని కూర్చున్నట్టున్నాయి. ఆ వరస ఎత్తగానే పులిసిన కంపు గుప్పుమంది. కిందదంతా బూజు. ఆ బూజులో అతుక్కుపోయి ఒక చిన్న కాగితం ముక్క, దాని మీద తొమ్మిది అంకె. ఎవరు సర్దిన పెట్టెలో వాళ్ళ నంబరు చీటీ పెట్టడం ఆ షెడ్డులో పద్ధతి. 'మచ్చుకి ఒక్కటే పంపుతున్నాం. వచ్చే సరుకు కూడా ఇలాగే ఉంటే మీ పిడికిలి గుర్తు పెట్టె మా కొట్టు గడప తొక్కదు' అని వర్తకుడు రాసిన ఉత్తరాన్ని పెద్దావిడ చదివి, మడిచి, నడుముకి దోపుకుంది. పొద్దున్నే అందరి ముందూ తేలుస్తానంది. ఇప్పుడు పొద్దున అయింది.

పెద్దావిడంటే ఆ షెడ్డు యజమానురాలు. అరవదు, నవ్వదు. ఆవిడ గదిలోకి వస్తే నలభైమంది ఆడవాళ్ళు కందిరీగల్ని తోలడం కూడా మానేస్తారు. ఆ రోజు ఆవిడ వచ్చి పొడుగు బల్ల చివర నిలబడేసరికి రేకుల కప్పు మీద చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆ ఏడు వాన ముందే వచ్చేసింది. రావలసినదాని కంటే నెలముందు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

"తొమ్మిదో నంబరు" అంది పెద్దావిడ.

వసపిట్ట ముందుకొచ్చింది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. బల్ల దగ్గర కూర్చుంటే చేతులూ నోరూ పోటీపడేవి, రెండూ గెలిచేవి. అలాంటి మనిషి ఆ పొద్దున నోరు విప్పలేదు. చెంగు అంచు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది.

"మొదటి ఏడు సరుకు మీద నీళ్ళు చల్లుతూ దొరికావు. అవునా?"

"అవునమ్మగారూ."

ఎండిన పండు గట్టిగా ఉంటుంది. పెట్టెలో ఒత్తి సర్దాలంటే వేళ్ళు పడిపోతాయి. గుప్పెడు నీళ్ళు చల్లితే మెత్తబడి చెప్పినట్టు ఒదుగుతుంది. ఓడెక్కాక ఆ నీళ్ళే కొంప ముంచుతాయి. మొదటి ఏడు వసపిట్టను చెంబుతో సహా పట్టుకున్నది ఎవరో కాదు, ప్యాకింగ్ గది పెత్తనం చూసే మేస్త్రమ్మే. ఇప్పుడు ఆవిడ గోడవారగా, నంబర్ల బిళ్ళలు వేలాడే చెక్క పక్కన నిలబడి ఉంది.

"ఆ ఏడు చల్లాను. మీ కాళ్ళ మీద పడి ఒప్పుకున్నాను. ఈసారి చల్లలేదండీ" అంది వసపిట్ట. "చల్లుంటే ఈపాటికి నేనే వాగేసేదాన్ని. నా సంగతి మీకు తెలీదా?"

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆ నవ్వు మింగేశారు.

"సుద్ద గుండ్రం పెట్టిన సరుకే కదా నీ బల్ల మీదికొచ్చింది?"

"అవునండీ."

"అంటే అన్నయ్య చెయ్యి పెట్టి చూసి, ఆరిందన్న సరుకు. ఆయన చెయ్యి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అక్కడ తడి లేదు. నీ పెట్టెలో ఉంది. మధ్యలో ఉన్నది నువ్వొక్కదానివే."

వసపిట్ట మేస్త్రమ్మ వైపు చూసింది. ఒక్క మాట సాయం చెయ్యమని ఆ చూపు. మేస్త్రమ్మ కళ్ళు దించుకుంది. ఆవిడ కూడా అదే అనుకుంటోంది మరి. ఒకసారి చల్లిన చెయ్యి రెండోసారి చల్లదని ఏమిటి నమ్మకం? ఇలా అనుకున్నందుకు తర్వాత ఎంత కుమిలిపోయిందో చెప్పాలంటే ఈ వారం నాకిచ్చిన పేజీలు చాలవు.

"ఆ బిళ్ళ తియ్యమ్మాయ్" అంది పెద్దావిడ.

మేస్త్రమ్మ చెక్కకున్న కొక్కెం మీంచి తొమ్మిదో బిళ్ళ తీసింది. బిళ్ళ పోతే పని పోయినట్టే. ఆ ఊళ్ళో పండ్లు సర్దే షెడ్డు ఇంకోటి లేదు. వసపిట్ట మొగుడు మంచంలో ఉన్నాడు. అది గదిలో అందరికీ తెలుసు, పెద్దావిడకి కూడా తెలుసు.

"రెండో సరుకు ఇవాళ సర్దెయ్యాలి. మధ్యాహ్నం బండ్లొస్తాయి" అంది పెద్దావిడ, ఇక ఆ సంగతి ముగిసిపోయినట్టు. "ఈసారి పరీక్ష ఇక్కడే, అందరి ముందూ. చెమటగదిలోంచి నాకు నచ్చిన పెట్టె తెప్పిస్తాను. అన్నయ్య చూస్తాడు. ఆ తర్వాత తడి వచ్చిందని ఎవరన్నా అంటే వాళ్ళ అంతు నేను చూస్తాను. వెళ్ళి మీ నాన్నని పిలుచుకురా."

అవును, ఆ అన్నయ్య మేస్త్రమ్మకి నాన్న. ఊరంతటికీ పిడికిలాయన.

వెనకటి వారాలు చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట అక్కడ షెడ్డు లేదు. ఎండుద్రాక్షను గోతాల్లో, పుల్లలూ దుమ్ముతో కలిపి అమ్మేవాళ్ళు. భర్త పోయాక పెద్దావిడ తోటలో పంటను తెగనమ్ముకోవడానికి మనసొప్పక, పెరట్లో పొయ్యి పెట్టించి, గంగాళంలో బూడిదనీళ్ళు మరిగించి, పండ్లను అందులో ముంచి ఎండబెట్టించింది. అలా ముంచితే తొక్క సన్నగా చిట్లి, మూడు వారాల ఎండ పని వారంలో అయిపోతుంది. ముంచే పని పిడికిలాయనది. బుట్టల పిడి పొట్టిది. పొడుగు పిడి పెట్టించాలని అయిదేళ్ళ దాకా ఎవరికీ తోచలేదు. ఆ అయిదేళ్ళూ ఆయన చేతులు మణికట్టు దాకా ఆవిర్లోనే ఉన్నాయి.

ఎండిన గుత్తుల్ని మోకాలిలోతు పెట్టెల్లో పోసి చీకటిగదిలో వరసగా పేర్చేవారు. కొన్ని పండ్లు మరీ ఎండి ఉంటాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి. పెట్టెలో కలిసి కొన్నాళ్ళుంటే ఒకదాని తడి ఒకటి పంచుకుని అన్నీ సమానమవుతాయి. దాన్ని వాళ్ళు చెమటగది అనేవారు. పైనుంచి చూస్తే ఎప్పుడూ ఆరినట్టే ఉంటుంది. ఆరిందో లేదో అడుగున తెలియాలి. అడుగునుంచి పిడికెడు పైకి తీస్తే కాడలు విరిగి గుత్తులు పాడవుతాయి. అందుకని పిడికిలాయన మోచెయ్యి దాకా లోపలికి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, అడుగునే పిడికిలి బిగించి వదిలేవాడు. ఆరిందంటే పెట్టె మీద సుద్దతో గుండ్రం. నలభై చేతులు పెడితే నలభై మాటలొస్తాయని పెద్దావిడ చెమటగది తలుపు మీద రాయించింది, 'ఇక్కడ ఒక్క చెయ్యే' అని. పెట్టెల మీద అంటించే నీలం కాగితంలో గుత్తి పట్టుకున్న పిడికిలి ఉంటుంది. ఆ బొమ్మ గీసినాయన ఈయన్నే ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశాడు.

మేస్త్రమ్మ చెమటగదిలోకి వెళ్ళేసరికి ఆయన చివరి వరస దగ్గర సుద్ద గుండ్రాలు పెడుతున్నాడు. కిటికీ సందులోంచి పడే వెలుగు తప్ప ఇంకేం లేదు. తీపి వాసన ముక్కుపుటాల్ని పట్టుకుంటోంది.

"నాన్నా, అత్తయ్య పిలుస్తోంది."

"వస్తున్నా పద. ఏమైంది వసపిట్ట సంగతి?"

"బిళ్ళ తీసేశాం."

ఆయన ముందున్న పెట్టె మీదికి వంగాడు. ఇంకో గుండ్రం గీశాడు. ఆ గుండ్రం తెల్లగా లేదు. మేస్త్రమ్మ దగ్గరికెళ్ళి చూసింది. సుద్ద చారలో ఎరుపు కలిసి ఉంది. వెనక్కి తిరిగి చూసింది. అంతకుముందు పెట్టిన అయిదు గుండ్రాలూ అలాగే ఉన్నాయి, మొదటిదానికి ఇంకా ఎక్కువ.

"నాన్నా, నీ చెయ్యి."

ఆయన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. చూపుడువేలి కండలో, మూతలకి కొట్టే చిన్న మేకు ఒకటి తల దాకా దిగి ఉంది. ఎక్కడ దిగిందో, ఎప్పుడు దిగిందో. ఆయన దాన్ని వేరేవాళ్ళ వేలు చూసినట్టు చూశాడు.

"అరెరె" అన్నాడు, అంతే.

మేస్త్రమ్మ ఆ మేకు పట్టి లాగింది. ఆయన ముఖంలో ఒక్క గీత కదల్లేదు. ఆవిడ పక్కనున్న పెట్టెలోకి, సుద్ద గుండ్రం ఉన్న పెట్టెలోకి, తన చెయ్యి దించింది. తొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఇంకో చెయ్యి పెట్టెలోకి దిగడం అదే మొదలు. మోచెయ్యి మునిగాక చల్లగా తగిలింది. పట్టుకుంటే ముద్ద. వదిలితే వేళ్ళని వదల్లేదు.

"ఇది ఆరిందా నాన్నా?"

ఆయన వేలి నెత్తురు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"అరవకు. వింటారు."

"ఎప్పట్నుంచి అని అడుగుతున్నా."

"పోయినేడు... చిటికెనవేలు మొదలు. తర్వాత పక్కది. ఇప్పుడు ఇదొకటి." చూపుడువేలు చూపించాడు. "ఈ మూడే. తక్కినవి బాగానే ఉన్నాయి."

"మరి ఎలా చెబుతున్నావు ఆరిందని?"

"రోజులు చూసుకుంటా. ఇరవై రోజులుంటే ఆరుతుంది. వాసన కూడా కొంత తెలుస్తుంది. పోయినేడు ఒక్కటి కూడా తప్పలేదు చూడు."

"పోయినేడు వాన లేదు నాన్నా!"

ఆయన పెట్టె అంచు మీద కూర్చుండిపోయాడు. ఆ మాట తనకి తట్టలేదని కాదు. రేకుల మీద చినుకు పడ్డ ప్రతిరోజూ తట్టింది. ఇరవైకి రెండు కలిపాడు, మూడు కలిపాడు. ఎన్ని కలపాలో చెప్పవలసిన చెయ్యి చెప్పడం మానేసింది. ఎవరినన్నా అడుగుదామంటే తలుపు మీద ఒక్క చెయ్యే అని రాసి ఉంది.

"అత్తయ్యకి చెప్పాల్సింది" అంది మేస్త్రమ్మ.

"ఏమని చెప్పను? నన్ను నిలబెట్టిందే ఈ చేతిని చూసి. ఇది పోయిందంటే ఇంకేం ఉంది నా దగ్గర? బుట్టలు మోయలేను, మేకులు కొట్టలేను. ఉన్న ఇల్లు ఈ షెడ్డుది. నీ మేస్త్రీపని నా మొహం చూసి ఇచ్చింది." ఆయన ఆ చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఈ ఒక్క సీజన్ దాటనీ తల్లీ. నేనే తప్పుకుంటా."

"వసపిట్ట?"

"ఆవిడకి నోరుంది. ఎక్కడో ఒకచోట బతుకుతుంది."

మేస్త్రమ్మకి తండ్రి మీద అసహ్యం వేసింది. వెంటనే తన మీద అంతకు రెట్టింపు వేసింది. ఆ బిళ్ళ తీసిన చెయ్యి ఎవరిది? పెట్టెలోంచి తీసిన వేళ్ళు జిగటగా ఒకదానికొకటి అంటుకుంటుంటే చెంగుకి తుడుచుకుంది. ఇప్పుడే పరిగెత్తుకెళ్ళి చెప్పెయ్యాలి. చెబితే నలభైమంది ముందు తండ్రి తల తీసేసినట్టే. చెప్పకపోతే, ఈ తడిసరుకు ఓడెక్కితే, షెడ్డు పుట్టి మునుగుతుంది. అసలు పరీక్షే వద్దంటే బండ్లు ఖాళీగా పోతాయి, వర్తకుడు ఇంకొకరిని చూసుకుంటాడు. ఎటు చూసినా గోడే.

బయటినుంచి హమాలీలు వస్తున్న అడుగుల చప్పుడు వినబడింది.

"విను" అంది గబగబా. "అన్నీ తడిగా ఉండవు. గోడవైపు వరసకి పొయ్యి వేడి తగుల్తుంది, అవి ఆరే ఉంటాయి. అత్తయ్య ఏ పెట్టె తెప్పిస్తుందో తెలీదు. నువ్వు చెయ్యి పెట్టు. పెట్టె లోపల పరిచే అంచు కాగితం సర్దుతున్నట్టు నేనూ పెడతా. తడిగా ఉంటే నీ బొటనవేలు నొక్కుతా. నొక్కితే ఆరలేదని చెప్పు. నొక్కకపోతే ఆరిందని చెప్పు. ఇవాళ్టికి ఆరినవాటినే ఏరి పంపిద్దాం. బొటనవేలికి తెలుస్తుందా?"

"బొటనవేలికేం? లక్షణంగా ఉంది" అన్నాడాయన.

ఎంత తొందరగా అన్నాడో ఆవిడ తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకుంది. అప్పుడు మాత్రం నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, ఇంకో దారి లేనప్పుడు?

ప్యాకింగ్ గదిలోకి పెద్దావిడ తెప్పించిన పెట్టె గోడవైపుది కాదు. సరిగ్గా మధ్య వరసలోది. హమాలీలు ఇద్దరూ దాన్ని బల్ల పక్కన దించి చెమటలు తుడుచుకున్నారు. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. వసపిట్ట ఇంకా వెళ్ళలేదు. తన గిన్నె, కత్తెర, కూర్చునే గోనెముక్క మూటగట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. వానకి ఆగిందో, ఈ తమాషా చూసి పోదామని ఆగిందో.

"రా అన్నయ్యా" అంది పెద్దావిడ. ఆ గొంతులో ఆప్యాయత నిజమైనదే. నేను ఆవిణ్ణి కొన్నిచోట్ల తిట్టాను గానీ ఇక్కడ తిట్టలేను.

పిడికిలాయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. వేలికి చుట్టిన గుడ్డపీలిక ఎవరూ గమనించలేదు. కళ్ళు మూసుకుని చెయ్యి లోపలికి దించాడు. షెడ్డు కొత్తలో ఈ దృశ్యం చూసి మేస్త్రమ్మ తండ్రి అంత గొప్పవాడు ఎవరూ లేరనుకునేది.

"అంచు కాగితం ముడతపడింది" అని గొణిగి, ఆవిడ కూడా చెయ్యి పోనిచ్చింది.

కాగితం దాటి, గుత్తులు దాటి, అడుక్కి. చల్లదనం తగిలింది. ముద్దముద్దగా ఉంది. ఈ పెట్టె అన్నిటికంటే తడిగా ఉంది. వేళ్ళతో వెతుక్కుంటే తండ్రి చెయ్యి దొరికింది. బొటనవేలు పట్టుకుని నొక్కింది.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. పెట్టె ఏదన్నా చెబుతుందేమో అని వింటున్నవాడిలా తల కొంచెం పక్కకి వాల్చాడు.

ఆవిడ మళ్ళీ నొక్కింది. ఈసారి గోరు దించి. గోరు తండ్రి చర్మంలోకి దిగడం తన గోటికి తెలిసింది. ఆయన దేనికోసం ఎదురుచూస్తున్నాడో ఆ క్షణంలో ఆవిడకి అర్థమైంది. తను నొక్కడం కోసమే ఎదురుచూస్తున్నాడు. నొక్కలేదని నిశ్చయమయ్యాక ఆయన ముఖం విప్పారింది.

"ఆరిపోయింది చెల్లెమ్మా" అన్నాడు కళ్ళు తెరిచి. "నిక్షేపంగా ఉంది."

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆయన చెయ్యి తీసి సుద్ద అందుకున్నాడు. పెద్దావిడ హమాలీల వైపు తిరిగి, "ఇక మొదలుపెట్టండి" అంది. గుమ్మం దగ్గర వసపిట్ట మూట భుజానికెత్తుకుని, తలమీద గోనె కప్పుకుంది. మేస్త్రమ్మ చెయ్యి ఇంకా పెట్టె అడుగునే ఉంది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోతే బాగుండు, తను కూడా దాని వెనకే ఆ చీకట్లోకి జారిపోతే బాగుండు అనిపించింది ఆవిడకి. కాగితం సర్దడమైపోయిందని చెప్పి, చెంగులో తుడుచుకుంటూ పక్కకి తప్పుకోవచ్చు. ఎవరూ అడగరు.

వసపిట్ట ఒక కాలు వానలో పెట్టింది.

"ఆగు" అంది మేస్త్రమ్మ.

చెయ్యి పైకి తీసి, తుడుచుకోకుండా, అందరికీ కనబడేటట్టు ఎత్తి పట్టుకుంది. మోచేతి నుంచి కిందికి పాకం కారుతోంది. వేళ్ళ సందుల్లో తొక్కలు, చిదిమిన పండు గుజ్జు. ఒక బొట్టు బల్ల మీద పడింది. సుద్ద పట్టుకున్న తండ్రి చేతికి కూడా అదే పాకం ఉంది. ఇంతసేపూ అది ఎవరూ చూడలేదు. పిడికిలాయన చేతిని ఎవరు చూస్తారు, ఆయన మాట వింటారు గానీ.

పెద్దావిడ ఆ చెయ్యి చూసింది, ఈ చెయ్యి చూసింది.

"రెండు చేతులు ఒకే పెట్టెలో పెట్టారు" అంది చివరికి. "ఒకటి ఆరిందంటోంది, ఒకటి కారుతోంది. దేన్ని నమ్మమంటావు అమ్మాయ్?"

మేస్త్రమ్మ తండ్రి వైపు తిరిగింది. ఈలోగా పిడికిలాయన చేతిలోంచి సుద్ద జారి కిందపడింది. ఆయన కూతురి చేతిని చూశాడు. తర్వాత తన బొటనవేలు ఎత్తి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, గోరు గాట్లు రెండూ చూశాడు. ఒకదాంట్లోంచి నెత్తురు వస్తోంది.

"నువ్వు నొక్కలేదు కదమ్మా" అన్నాడు, చిన్నపిల్లవాడి గొంతుతో. "నొక్కావా?"

మెల్లిగానే అన్నాడు. గదిలో అంత నిశ్శబ్దం ఉండబట్టి గుమ్మం దాకా వినబడింది. వసపిట్ట వానలో పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"ఏమిటి నొక్కడం?" అని అడిగింది పెద్దావిడ, మేస్త్రమ్మనే చూస్తూ.